పార్టిషన్లపై పాత, కొత్త పరిశోధన పత్రాలను విశ్వవిద్యాలయ గ్రంథాలయం ద్వారా వెదకడం ఎలా?

విభజన_విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను సంఖ్యాసిద్ధాంతంలో పరిశోధన మొదలుపెట్టి కొన్ని నెలలే అయింది. పూర్ణసంఖ్యల పార్టిషన్ల గురించి, ముఖ్యంగా రామానుజన్ 1919లో ప్రకటించిన కాంగ్రుయెన్స్‌ల గురించి, ఇప్పటివరకు ఎవరెవరు ఏమేమి నిరూపించారో సేకరించమని మా గైడ్ చెప్పారు. ఈ అంశంతో పరిచయం లేనివారి కోసం ఒక్క మాట: ఒక సంఖ్యను ధన పూర్ణసంఖ్యల మొత్తంగా ఎన్ని విధాలుగా రాయగలమో అదే దాని పార్టిషన్ల సంఖ్య. 4ను 5 విధాలుగా రాయవచ్చు. 4, 9, 14, 19 ఇలా ఐదేసి కలుపుకుంటూ పోతే, ఆ ప్రతి సంఖ్యకూ పార్టిషన్ల సంఖ్య 5తో నిశ్శేషంగా భాగింపబడుతుందనేది రామానుజన్ కనుగొన్న ఇటువంటి భాగింపు నియమాలలో, అంటే కాంగ్రుయెన్స్‌లలో, మొదటిది.

నా ఇబ్బంది ఏమిటంటే, మా గ్రంథాలయం వెబ్‌సైటులో మొదటి పేజీలోనే కనిపించే సెర్చ్ బాక్సులో పార్టిషన్ అని ఇంగ్లీషులో కొట్టగానే వేలకు వేలు ఫలితాలు వస్తున్నాయి. దేశ విభజనల చరిత్ర, రసాయనశాస్త్రంలోని పార్టిషన్ గుణకం, కంప్యూటర్ డిస్కును భాగాలు చేయడం, గ్రాఫులను ముక్కలు చేయడం, సమితుల విభజనలు, ఇవన్నీ కలగాపులగంగా ఉన్నాయి. రామానుజన్ పేరు చేర్చితే జీవితచరిత్రలు ముందుకు వస్తున్నాయి. మూడు వారాలుగా ఇదే పని మీద ఉన్నాను, అయినా ముఖ్యమైనది ఏదో నా చేతికి అందకుండా పోతోందన్న భయం వదలడం లేదు. అనుభవజ్ఞులు దారి చూపగలరా?

గ్రంథాలయ_సహాయకురాలు

నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గణిత, భౌతిక శాస్త్ర విభాగాలకు సంబంధించిన పని చూస్తాను. మీరు వాడుతున్న ఆ పెద్ద సెర్చ్ బాక్సు అన్ని శాఖల వారికీ ఉద్దేశించినది. పుస్తకం పేరు తెలిసినప్పుడు, ఒక జర్నల్ మన దగ్గర ఉందో లేదో చూడవలసినప్పుడు అది చక్కగా పనిచేస్తుంది. ఒక గణిత విషయం మీద మొత్తం సాహిత్యాన్ని గాలించడానికి మాత్రం అది సరిపోదు.

గ్రంథాలయం పేజీలోనే డేటాబేసుల అక్షరక్రమ జాబితా ఒకటి ఉంటుంది. అందులో మాథ్‌సైనెట్ ఉందేమో చూడండి. దానిని అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ నడుపుతుంది, చందా కట్టిన సంస్థల సభ్యులకే అది తెరుచుకుంటుంది. చందా లేకపోతే జెడ్‌బీమ్యాథ్ ఓపెన్ ఉంది, 2021 నుంచి అది అందరికీ ఉచితం. రెండింటిలోనూ గణిత పత్రాల వివరాలు, వాటిలో చాలావాటికి ఆయా రంగాల నిపుణులు రాసిన సమీక్షలు ఉంటాయి. ఇవి పత్రాల పూర్తి పాఠాన్ని దాచిపెట్టుకొనే చోట్లు కావని గుర్తుంచుకోండి. పత్రం ఎక్కడుందో, అందులో ఏముందో ఇవి చెబుతాయి. పాఠాన్ని తెచ్చి ఇచ్చేది పక్కనే ఉండే గ్రంథాలయం లింకు.

ఇంటి నుంచి పనిచేసేటప్పుడు తప్పనిసరిగా గ్రంథాలయం పేజీ ద్వారా లాగిన్ అయ్యే ఆ లింకుల్లోకి వెళ్లండి. మీరు క్యాంపస్ నెట్‌వర్కులో ఉన్నారా లేదా అన్నది ప్రచురణకర్తల సైట్లు సాధారణంగా ఐపీ చిరునామాను బట్టి గుర్తిస్తాయి. బయట నుంచి నేరుగా వెళితే మీరు ఎవరో వాటికి తెలియదు, వెంటనే డబ్బు అడుగుతాయి. ప్రాక్సీ, వీపీఎన్, సంస్థ లాగిన్, వీటిలో మీ గ్రంథాలయం ఏది ఏర్పాటు చేసిందో ఒక్కసారి అడిగి తెలుసుకుంటే చాలు.

అనువర్తిత_గణితం

పై మాటకు నా అనుభవమే సాక్ష్యం. పరిశోధన తొలి ఏడాదిలో ఒక రాత్రి ఇంటి నుంచి ఒక పత్రం కోసం వెళ్లి, ఆ ప్రచురణ సంస్థ పేజీ అడిగినంత మొత్తం చెల్లించి దించుకున్నాను. మరుసటి వారం గ్రంథాలయంలో అడిగితే, ఆ జర్నల్‌కు మా సంస్థ ఎన్నో ఏళ్లుగా చందా కడుతోందని తెలిసింది. డబ్బు అడిగే పేజీ కనిపించినంత మాత్రాన ఆ పత్రం మనకు లేదని అనుకోకూడదు.

మాడ్యులర్_రూపాలు

విభజన_విద్యార్థి గారూ, మీ సమస్య అసలు మూలం మాటలోనే ఉంది. గణితంలో ఒకే మాటకు పది అర్థాలు ఉంటాయి, ఒకే భావానికి పది పేర్లు కూడా ఉంటాయి. అందువల్ల మాటతో కాకుండా విషయ సంకేతంతో వెదకాలి. గణిత విషయ వర్గీకరణ అని ఒకటి ఉంది. మాథ్‌సైనెట్, జెడ్‌బీమ్యాథ్ సంపాదకులు కలిసి దానిని నిర్వహిస్తారు, ఇప్పుడు వాడుకలో ఉన్నది 2020 నాటిది. అందులో మొదటి రెండు అంకెలు పెద్ద విభాగాన్ని చెబుతాయి. 11 అంటే సంఖ్యాసిద్ధాంతం. ఆ తరువాత ఒక అక్షరం, మరి రెండు అంకెలు. పార్టిషన్ల కాంగ్రుయెన్స్‌లకు 11పి83, పార్టిషన్ల విశ్లేషణాత్మక సిద్ధాంతానికి 11పి82, ప్రాథమిక సిద్ధాంతానికి 11పి81. పార్టిషన్లను లెక్కింపు కోణంలో చూసే పత్రాలు 05ఏ17లో ఉంటాయి, ఎందుకంటే 05 కాంబినేటోరిక్స్ విభాగం. జెడ్‌బీమ్యాథ్‌లో ఇంగ్లీషు అక్షరాలు రెండు సీలు, ఒక కోలన్, ఆ తరువాత సంకేతం కొడితే ఆ విషయానికి చెందిన పత్రాలే వస్తాయి. మాథ్‌సైనెట్‌లో అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్లి వర్గీకరణ అనే గడిని ఎంచుకోండి.

దేశ విభజనలూ డిస్కు భాగాలూ ఆ క్షణంలోనే మాయమవుతాయి. సమితుల విభజనలు కూడా ఉండవు.

ఒక జాగ్రత్త చెప్పాలి. వర్గీకరణ కాలక్రమంలో మారింది. 1980 నాటి వర్గీకరణలో సంఖ్యాసిద్ధాంతం 10వ విభాగంగా ఉండేది, కాబట్టి పాత పత్రాల మీద ఇప్పటి సంకేతం ఉండకపోవచ్చు. పాతవాటికి దారి వేరు, అది ఉల్లేఖనల గొలుసు. మీకు దొరికిన ఒక మంచి ఇటీవలి పత్రాన్ని తీసుకొని, దాని చివర ఉన్న పత్రాల జాబితా ద్వారా వెనక్కు నడవండి. ఆ తరువాత ఒక పాత పత్రాన్ని పట్టుకొని, దానిని ఎవరెవరు ఉల్లేఖించారో చూపే లింకు ద్వారా ముందుకు నడవండి. ఉదాహరణకు కెన్ ఓనో 2000లో ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్ 151వ సంపుటిలో, 293వ పేజీ నుంచి ప్రచురించిన పత్రంతో మొదలుపెట్టండి. 5 మొదలుకొని ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇలాంటి కాంగ్రుయెన్స్‌లు అనంతంగా ఉన్నాయని అందులో నిరూపించారు. అక్కడి నుంచి రెండు వైపులకూ దారులు తెరుచుకుంటాయి.

ప్రీప్రింట్_పాఠకుడు

పెద్దల మాటను కాదనడం నా ఉద్దేశం కాదు గానీ, ఇంత శ్రమ అవసరమా అన్నది నా సందేహం. పరిశోధకులు తమ పత్రాలను ఉచితంగా ఉంచే ఆర్కైవ్ సైటును నేను ప్రతిరోజూ చూస్తాను, మిగిలినది గూగుల్ స్కాలర్‌లో వెదుకుతాను. 1991లో పాల్ గిన్‌స్పార్గ్ మొదలుపెట్టిన ఆ ఆర్కైవ్‌లో ఇప్పుడు గణితంలోని దాదాపు అన్ని శాఖల కొత్త పత్రాలూ జర్నల్‌లో రావడానికి చాలా ముందే కనిపిస్తాయి. పెరల్మాన్ 2002, 2003లలో పాయింకారే కంజెక్చర్‌కు (నిరూపణ లేకుండా ప్రతిపాదించిన ఊహకు) సంబంధించి రాసిన మూడు పత్రాలు అక్కడ తప్ప ఏ జర్నల్‌లోనూ రాలేదు. స్కాలర్ పత్రం లోపలి పాఠాన్ని కూడా వెదుకుతుంది. మాథ్‌సైనెట్ అలా చేయదు. ఒక లెమ్మా (సహాయక సిద్ధాంతం) పేరు పత్రం శీర్షికలో లేకుండా 17వ పేజీలో మాత్రమే ఉంటే దానిని నాకు స్కాలరే పట్టించింది. దీనికి మించి ఏమి కావాలి?

మాడ్యులర్_రూపాలు

మీరు చెప్పిన రెండు సంగతులూ నిజమే. స్కాలర్ లోపలి పాఠం వెదకడం గొప్ప సౌకర్యం, నేనూ వాడతాను. అయితే ఈ ప్రశ్న అడిగినవారి విషయంలోనే అది ఎక్కడ చాలదో చెబుతాను.

రామానుజన్ 1919 నాటి పత్రంలో ఒక విస్తృతమైన కంజెక్చర్ ఉంది. 5, 7, 11ల ఏదైనా ఒక ఘాతం తీసుకోండి. ఒక సంఖ్యను 24తో గుణించి ఆ ఘాతంతో భాగిస్తే శేషం 1 వచ్చినప్పుడు, ఆ సంఖ్య పార్టిషన్ల సంఖ్య అదే ఘాతంతో భాగింపబడుతుందని ఆయన భావించారు. ఇప్పుడు 7కు ఘనం 343 తీసుకోండి. 243ను 24తో గుణిస్తే 5832, అది 343ను 17 సార్లు తీసివేసిన తరువాత శేషం 1 ఇస్తుంది. కాబట్టి 243కు పార్టిషన్ల సంఖ్య 343తో భాగింపబడాలి. హన్స్‌రాజ్ గుప్తా లెక్కించిన పట్టికలో ఆ విలువ 133978259344888. దానిని 49తో భాగించవచ్చు, 343తో భాగించలేము. ఈ సంగతిని ఎస్. చౌలా 1934లో బయటపెట్టారు. ఆ తరువాత జి. ఎన్. వాట్సన్ 1938లో 5 ఘాతాలకు కంజెక్చర్‌ను నిరూపించి, 7 ఘాతాలకు దానిని సరిదిద్ది నిరూపించారు. 11 ఘాతాలకు నిరూపణ రావడానికి 1967లో ఎ. ఒ. ఎల్. ఆట్కిన్ పత్రం దాకా ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. మూల పత్రం మాత్రమే దొరికి, దాని మీద ఆధారపడి ఒక విద్యార్థి తన వాదనను కట్టుకుంటే ఎంత కష్టం! స్కాలర్ ఆ మూల పత్రాన్ని ఇస్తుంది, అందులో ఒక వాక్యం తప్పు అని పక్కన రాసి ఇవ్వదు. తప్పుల సవరణ పత్రాలను మూల పత్రంతో జోడించడం, ఫలానా ఫలితం ఫలానావారి పనిని సరిదిద్దుతోందని సమీక్షలో రాయడం, ఇవి ఒక మనిషి చదివి చేసే పనులు. మాథ్‌సైనెట్‌కు, జెడ్‌బీమ్యాథ్‌కు విలువ వచ్చింది ఆ మనుషుల వల్లనే. నేను కూడా సమీక్షలు రాస్తాను. ఒక పత్రాన్ని రెండు మూడు రోజులు చదివి రాసిన ఆ పది వాక్యాలు ముక్కూముఖం తెలియని ఎవరో ఒక విద్యార్థికి ఆరు నెలలు మిగులుస్తాయన్న నమ్మకంతోనే రాస్తాను.

ప్రీప్రింట్_పాఠకుడు

చౌలా సంగతి నాకు ఇప్పటివరకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. అయినా ఆర్కైవ్ విషయంలో నేర్చుకున్న ఒక జాగ్రత్తను ఇక్కడ చెప్పడం ఉపయోగపడుతుందనుకుంటాను. అక్కడ ఒకే పత్రానికి అనేక వెర్షన్లు ఉంటాయి, జర్నల్‌లో వచ్చిన పాఠంలో సిద్ధాంతాల వరుస సంఖ్యలు మారిపోతుంటాయి. ఫలానా పత్రంలోని 3.2వ సిద్ధాంతం అని రాసేటప్పుడు ఏ పాఠాన్ని చూసి రాస్తున్నామో స్పష్టంగా చెప్పకపోతే చదివేవారు వేరే సిద్ధాంతాన్ని తెరిచి చూస్తారు.

పాత_సంపుటాలు

వాట్సన్ పత్రం ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. విభజన_విద్యార్థి గారు పార్టిషన్ అనే మాటతో ఎన్నాళ్లు వెదికినా అది శీర్షికల్లో దొరకదు, ఎందుకంటే ఆ పత్రం జర్మన్ భాషలో ఉంది. శీర్షికలో పార్టిషన్ల సంఖ్యలకు వాడిన జర్మన్ మాట త్సెర్‌ఫెల్లుంగ్స్‌ఆన్‌త్సాలెన్. ఆ పత్రం జాడను ఇంగ్లీషు పత్రాల చివర ఉన్న జాబితాలే చెబుతాయి. అక్కడ కూడా జర్నల్ పేరు జె. రైనె ఆంగెవ్. మాథ్. 179 (1938), 97–128 అని పొట్టిగా ఉంటుంది. కొత్తవారికి ఇదే మొదటి అడ్డంకి. 1826లో ఔగుస్ట్ క్రెల్లె స్థాపించిన జర్నల్ అది. కొందరు దానిని క్రెల్లె జర్నల్ అనే రాస్తారు, గ్రంథాలయ జాబితాలో మాత్రం పూర్తి జర్మన్ పేరుతో ఉంటుంది. మాథ్‌సైనెట్‌లోనూ జెడ్‌బీమ్యాథ్‌లోనూ జర్నళ్ల విభాగంలో పొట్టి పేరు కొడితే పూర్తి పేరు వస్తుంది.

అలాగే ఆన్. ఆఫ్ మాథ్. (2) అని ఉన్నప్పుడు ఆ బ్రాకెట్‌లోని 2ను సంపుటి సంఖ్య అనుకోవద్దు, అది రెండవ శ్రేణి. జర్నళ్లు కొన్నిసార్లు శ్రేణి మార్చి సంపుటి సంఖ్యను మళ్లీ 1 నుంచి మొదలుపెడతాయి. ఈ ఒక్క అంకె చూసుకోక తప్పు సంపుటి తెరిచి, ఆ పేజీలో ఆ పత్రం లేదని గ్రంథాలయాన్ని తప్పుపట్టినవారిని నేను చూశాను.

క్రెల్లె జర్నల్, మ్యాథమెటిషె ఆనాలెన్ పాత సంపుటాలను గటింగెన్‌లోని డిజిటైజేషన్ కేంద్రం స్కాన్ చేసి ఉచితంగా ఉంచింది. ఫ్రెంచి జర్నళ్లకు నుమ్‌డామ్, రష్యన్ జర్నళ్లకు మ్యాథ్‌నెట్ రు ఉన్నాయి. ఐరోపా దేశాల ఇటువంటి భాండాగారాలను ఒకేచోట వెదకడానికి ఈయూడీఎమ్ఎల్ ఉంది. ఆనల్స్ వంటి జర్నళ్ల పాత సంచికలు జేస్టోర్‌లో ఉంటాయి, దానికి మాత్రం గ్రంథాలయం చందా ఉండాలి. రష్యన్ పత్రాల దగ్గర మరింత మెలకువ కావాలి. చాలా రష్యన్ జర్నళ్లకు ఇంగ్లీషు అనువాద జర్నల్ వేరే పేరుతో వస్తుంది, పేజీల సంఖ్యలు వేరు, ఒక్కోసారి సంవత్సరం కూడా వేరు. ఉస్పెఖి అనే జర్నల్‌కు ఇంగ్లీషు రూపం రష్యన్ మ్యాథమెటికల్ సర్వేస్. పేర్ల లిప్యంతరీకరణ సంగతి సరేసరి, చెబిషెవ్ పేరును రోమన్ లిపిలో ఎన్ని విధాలుగా రాశారో లెక్క తీయడం కష్టం. అందుకే రచయిత పేరు కొట్టడం కంటే, డేటాబేసు ఆ రచయితకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య ద్వారా వెళ్లడం మంచిది. అన్ని పేరు రూపాలనూ అక్కడ ఒకే మనిషి కింద కలిపి ఉంచుతారు.

అనువర్తిత_గణితం

1940కి ముందు పత్రాలకు సమీక్షలు ఎక్కడ చూడాలి? మాథ్‌సైనెట్‌లో రామానుజన్ 1919 పత్రానికి సమీక్ష ఏదీ కనిపించడం లేదు.

పాత_సంపుటాలు

మాథ్‌సైనెట్‌కు మూలమైన మ్యాథమెటికల్ రివ్యూస్ మొదలైనదే 1940లో. అంతకు ముందరివాటికి జెడ్‌బీమ్యాథ్‌లోకి వెళ్లాలి. దాని మూలమైన త్సెంట్రాల్‌బ్లాట్ 1931లో మొదలైంది. ఇంకా వెనక్కు వెళితే యార్‌బుఖ్ అనే వార్షిక సమీక్షా సంపుటాలు ఉన్నాయి, అవి 1868 నుంచి 1942 దాకా వచ్చిన గణితాన్ని సమీక్షించాయి. ఆ సమీక్షలన్నింటినీ ఇప్పుడు జెడ్‌బీమ్యాథ్‌లోనే చేర్చారు. చాలావరకు జర్మన్‌లో ఉంటాయి, అయినా సూత్రాలు చూస్తే విషయం పట్టుబడుతుంది.

ఈ రెండు సమీక్షా పత్రికల పుట్టుక వెనక ఉన్నది ఒకే వ్యక్తి, ఒట్టో న్యూగెబావర్. త్సెంట్రాల్‌బ్లాట్‌ను స్థాపించినది ఆయనే. 1938లో యూదుడన్న కారణంతో ఇటలీ గణితజ్ఞుడు లెవీ-చివిటాను సంపాదక మండలి నుంచి తొలగించినప్పుడు న్యూగెబావర్ తన సంపాదక బాధ్యత వదులుకున్నారు, అమెరికా వెళ్లాక మ్యాథమెటికల్ రివ్యూస్‌కు రూపం ఇచ్చారు. 1940 దగ్గర ఎందుకు ఒక డేటాబేసు మొదలవుతుంది అని ఎవరైనా అడిగితే నాకు ఎప్పుడూ ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

గ్రంథాలయ_సహాయకురాలు

ఎక్కడా పాఠం దొరకనప్పుడు ఏమి చేయాలో ఎవరూ రాయలేదు, అది చెబుతాను. ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనూ ఇతర గ్రంథాలయాల నుంచి తెప్పించే సేవ ఒకటి సాధారణంగా ఉంటుంది. పత్రమైతే స్కాన్ చేసిన ప్రతి వస్తుంది, పుస్తకమైతే పుస్తకమే కొద్దికాలానికి వస్తుంది. అభ్యర్థన ఫారంలో జర్నల్ పూర్తి పేరు, శ్రేణి, సంపుటి, సంవత్సరం, మొదటి, చివరి పేజీలు, వీలైతే డేటాబేసు ఇచ్చిన సమీక్ష సంఖ్య రాయండి. నాకు అందే అభ్యర్థనల్లో ఎక్కువగా ఆలస్యమయ్యేవి పొట్టి పేరు మాత్రమే రాసినవి. జర్నల్ ఏదో తేల్చుకోవడానికే మాకు ఒక పూట పడుతుంది.

ఇంకొక చిన్న విషయం. మీ జాబితాను మొదటి రోజు నుంచే బిబ్‌టెక్ ఫైలులో (పత్రాల వివరాలను ఒక నిర్ణీత రూపంలో దాచుకొనే ఫైలులో) భద్రపరచండి. మాథ్‌సైనెట్, జెడ్‌బీమ్యాథ్ రెండూ శుభ్రమైన బిబ్‌టెక్ వివరాలు ఇస్తాయి. చందా లేనివారికి ఎంఆర్ లుకప్ అనే ఉచిత పేజీ ఉంది. పెద్ద సెర్చ్ బాక్సు నుంచి దించుకున్న వివరాల్లో గణిత సూత్రాలున్న శీర్షికలు చెడిపోవడం నేను తరచుగా చూస్తుంటాను.

విభజన_విద్యార్థి

పది రోజుల తరువాత తిరిగి రాస్తున్నాను. ముందుగా అందరికీ నా మనఃపూర్వక కృతజ్ఞతలు.

11పి83 సంకేతంతో మొదలుపెట్టాను. పత్రాలు చాలానే ఉన్నాయి, కానీ అన్నీ నా విషయానివే. సంవత్సరాల వారీగా విడగొట్టి శీర్షికలు, సమీక్షలు చదువుతూ పోతే ఆరు రోజుల్లో ఒక పటం లాంటిది తయారైంది. వాట్సన్ పత్రం గటింగెన్ సైటులో దొరికింది. జర్మన్ రాకపోయినా సూత్రాల వరుసను మా గైడ్‌తో కలిసి చదువుతున్నాను. ఒక విషయం మాత్రం మనసును కుదిపింది. 7 ఘాతాల మీద నేను కొత్తది అనుకొని నోటుపుస్తకంలో రాసుకున్న ఒక చిన్న ఫలితం, వాట్సన్ సరిదిద్దిన రూపం నుంచి రెండు పంక్తుల్లో వచ్చేస్తుంది. బాధ కలిగినమాట నిజమే, కానీ దానిని సెమినార్‌లో నలుగురి ముందు చెప్పకముందే తెలిసినందుకు ఊరట కూడా కలిగింది.

ఉల్లేఖనల గొలుసులో నాకు చాలా నచ్చినది డైసన్ దారి. 5, 7లకు కాంగ్రుయెన్స్‌లు ఎందుకు వస్తున్నాయో చెప్పడానికి పార్టిషన్ ర్యాంకు అనే భావనను ఫ్రీమన్ డైసన్ 1944లో ప్రతిపాదించి, 11కు అది సరిపోదని గమనించి, దానికోసం క్రాంక్ అనే మరొకటి ఉండి ఉంటుందని ఊహించారు. ర్యాంకు గురించి ఆయన ఊహించినదాన్ని 1954లో ఆట్కిన్, స్విన్నర్టన్-డయర్ నిరూపించారు. క్రాంక్‌ను 1988లో ఆండ్రూస్, గార్వన్ కనుగొన్నారు. ఈ మూడింటినీ ఉల్లేఖనల లింకుల ద్వారా ఒక్క సాయంత్రంలో వరుసగా చూశాను. అయితే డైసన్ మూల వ్యాసం యురేకా అనే కేంబ్రిడ్జి విద్యార్థుల గణిత పత్రికలో వచ్చింది, మా గ్రంథాలయం చందాల్లో ఆ పత్రిక లేదు. దానిని ఎలా అడగాలి?

మాడ్యులర్_రూపాలు

చిన్న పత్రికల్లో వచ్చిన వ్యాసాలకు ముందుగా ఆ రచయిత సంకలిత రచనల సంపుటం ఉందేమో మీ గ్రంథాలయం పుస్తకాల జాబితాలో చూడండి. ఈ పనికి మాత్రం మీరు మొదట వాడిన ఆ పెద్ద సెర్చ్ బాక్సే సరైనది. ఇక మీ నోటుపుస్తకంలోని ఫలితం గురించి: దానిని కొట్టివేయకండి. మీ నిరూపణ మార్గం వాట్సన్ మార్గానికి వేరుగా ఉంటే, 11 దగ్గర అది ఏమి చెబుతుందో ఆట్కిన్ 1967 పత్రం పక్కన పెట్టుకొని చూడండి. గ్లాస్గో మ్యాథమెటికల్ జర్నల్ 8వ సంపుటి, 14వ పేజీ నుంచి 32 వరకు.

గ్రంథాలయ_సహాయకురాలు

సంకలనం దొరకకపోతే తెప్పించే సేవకు రాయండి. ఫారంలో పత్రిక పేరు యురేకా అని మాత్రమే రాస్తే అదే పేరున్న వేరే పత్రికలతో కలిసిపోతుంది, కాబట్టి కేంబ్రిడ్జి అని తప్పక చేర్చండి. 8వ సంచిక, 1944, పేజీలు 10 నుంచి 15.